అరువు పంక్తి, అతుకు, సామూహిక కర్తృత్వం: ఉప్పల్–నాచారం బతుకమ్మ పాట నేపథ్యంలో ఒక విమర్శ

ప్రవేశిక

పలువురు కలిసి ఒక కవిత కట్టడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. నంది మల్లయ, ఘంట సింగనల నుంచి తిరుపతి వేంకట కవుల దాకా, పింగళి–కాటూరి కవుల దాకా జంటకవుల పరంపర మనకుంది. ఇతరుల పంక్తిని తెచ్చుకొని పద్యం పూర్తి చేయడమూ కొత్త కాదు. సమస్యాపూరణం అవధానంలో ప్రధానాంశమై నేటికీ నడుస్తున్నది. అయితే ఈ రెండూ ఒకచోట కలిసినప్పుడు, అంటే పలువురు కలిసి, పలు పాటల నుంచి పంక్తులు అరువు తెచ్చుకొని ఒక కొత్త పాట కట్టినప్పుడు, దానిని చదవడానికి మన విమర్శ వద్ద తగిన పరికరాలు లేవు. జంటకవుల విషయంలో ఏ పద్యం ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాం. జానపద గేయం విషయంలో కర్త అజ్ఞాతం అని రాసి ముందుకు సాగుతున్నాం. ఒక ప్రశ్న కర్తను విడదీయడానికి ప్రయత్నిస్తుంది, ఇంకొక సమాధానం కర్తనే తుడిచివేస్తుంది. రెండింటిలోనూ కలిపిన చేయి కనిపించదు.

హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాల బతుకమ్మ పాటను దృష్టిలో ఉంచుకొని ఈ సమస్యను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. అరువు పంక్తులతో కట్టిన సామూహిక గేయంలో కర్తృత్వం పంక్తుల్లో కాక అతుకుల్లో ఉంటుందని, అందువల్ల సేకరణ, పరిష్కరణ, విమర్శ మూడూ అతుకును ప్రధానాంశంగా తీసుకోవాలని ఇక్కడి ప్రతిపాదన.

స్థల విశేషం

ఉప్పల్ కూడలి వరంగల్ రహదారికి నగర ద్వారం. భువనగిరి, జనగామ, వరంగల్ వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవారు మొదట అడుగుపెట్టే చోట్లలో అది ఒకటి. దాని పక్కనే ఉన్న నాచారం పారిశ్రామికవాడ ఆ వలసకు పని చూపించింది. ఆ నాచారంలోనే ఎన్.టి. రామారావు 1976లో రామకృష్ణ స్టూడియోను నెలకొల్పారు. పల్లె పాట, కార్మికవాడ, సినిమా పాట అనే మూడు ధారలు ఇంత దగ్గరగా కలిసే చోట్లు నగరంలో ఎక్కువ లేవు.

ఈ కాలనీల్లో పెత్తర అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది రోజులు ఆడే వలయంలో చేరేవారిది ఒకే ఊరు కాదు. ఊరు మారితే వరుస మారుతుంది, ఒకే కథకు పంక్తుల క్రమమూ మారుతుంది. పల్లెలో తల్లి నుంచి కూతురికి, వదిన నుంచి మరదలికి ఒకే వరుసలో అందే పాట ఇక్కడ ఇరుగుపొరుగుల మధ్య ఏర్పడవలసి వస్తుంది. ఒకామె ఎత్తుకున్న పాట ఆమెకు మరుపు వచ్చినచోట ఆగుతుంది. ఇంకొకామె తన ఊరి పాటలోని పంక్తితో దానిని అందుకుంటుంది. జానపద విజ్ఞాన పరిభాషలో దీనిని పాఠాంతరం అంటాం. ఆ మాట ఒక మూలపాఠాన్ని ముందే ఊహించుకుంటుంది. ఇక్కడ మూలపాఠం లేదు. వలయం తిరుగుతున్నంతసేపూ పాఠం తయారవుతూనే ఉంటుంది.

పల్లవి పదం ఒక కీలు

ఈ కూర్పు ఎలా సాధ్యమవుతున్నది? సమాధానం పాట నిర్మాణంలోనే ఉన్నది. బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’, ‘చందమామ’, ‘వలలో’ వంటి పల్లవి పదాలు పాదం చివరనో పాదార్ధం చివరనో మాటిమాటికీ తిరిగి వస్తాయి. వీటిని గాన సౌలభ్యానికో అలంకారానికో వచ్చిన ఊతపదాలుగా చూడడం వాడుక. నిజానికి ఇవి రెండు పనులు చేస్తున్నాయి. మొదటిది, బృందం ఆ పదాన్ని పలికేలోగా ఎత్తుకున్న స్త్రీకి తరువాతి పంక్తిని తలచుకొనే వ్యవధి దొరుకుతుంది. రెండవది, ఆ పదానికి ముందున్న నడకలో ఇమిడే ఏ మాటల సమూహమైనా, అది ఏ పాటలోనిదైనా, అక్కడ కుదురుకుంటుంది. తలుపుకు కీలు ఎట్లాంటిదో పాటకు పల్లవి పదం అట్లాంటిది. పంక్తి మారినా కీలు మారదు.

మౌఖిక కావ్యాలలో సూత్రబద్ధ పదబంధాలు కూర్పుకు ఆధారమని మిల్మన్ ప్యారీ పరిశోధన, ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రచురించిన గ్రంథం నిరూపించాయి. అయితే వారు పరిశీలించిన యుగోస్లావియా గాయకుడు ఒంటరి గాయకుడు. బతుకమ్మ వలయంలో పంక్తి ఒకరిది, దానికి కాలం ఇచ్చేది బృందం. సూత్రం ఒక్కరి జ్ఞాపకంలో కాక పలువురి మధ్య పంపకమై ఉంటుంది. ఈ భేదాన్ని గుర్తించకుండా సూత్ర సిద్ధాంతాన్ని యథాతథంగా మన స్త్రీల పాటకు అన్వయిస్తే అసలు విశేషం జారిపోతుంది.

పుట్టింటికి పంపమని కోడలు అడిగే పాటలను తీసుకుందాం. అన్న వస్తాడు. కోడలు అత్తను అడిగితే మామను అడగమంటుంది. మామ ఇంకొకరి పేరు చెబుతాడు. అడిగే మాట మారదు, అడగవలసిన మనిషి మాత్రమే మారతాడు. ఇది ఖాళీ గడులున్న గొలుసు. నాచారం కర్మాగారంలో పనిచేసే స్త్రీ ఈ పాటను అందుకుంటే, సెలవు అడగవలసిన వారి వరుసలో సూపర్‌వైజరు చేరడానికి నడక అడ్డురాదు. చేరిన క్షణంలో పాత పాటలోని అత్తింటి అధికారం, కొత్త అధికారం పక్కపక్కన నిలుస్తాయి. ఆ అర్థం పాత పంక్తిలో లేదు, కొత్త పదంలోనూ లేదు. రెండింటిని చేర్చిన చోట పుట్టింది.

పద్యానికి లేని వెసులుబాటు

అరువు పంక్తుల కూర్పు మన పద్యంలో కాక పాటలోనే విస్తరించడానికి ఛందోకారణం ఉన్నది. వృత్తాలలో, కందంలో ప్రాస నాలుగు పాదాలను బంధిస్తుంది. వేర్వేరు పద్యాల నుంచి తెచ్చిన నాలుగు పాదాలు ఒకే ఛందస్సులో, ఒకే ప్రాసతో కుదరడం అరుదు. అందుకే సమస్యాపూరణంలో అరువు ఒక్క పాదానికే పరిమితమైంది. ఇచ్చిన పాదం ప్రాసను శాసిస్తుంది, పూరకుడు తక్కిన మూడు పాదాలను తానే నిర్మించాలి. దత్తపదిలో అరువు పాదం నుంచి పదానికి తగ్గింది. హైదరాబాదు నగరానికే చెందిన ఉర్దూ సంప్రదాయంలోని తరహీ ముషాయిరాలోనూ ఇచ్చిన ఒక్క మిస్రా రదీఫ్, కాఫియాలను నిర్ణయిస్తుంది. ఆ ఒక్క పంక్తి చుట్టూ ప్రతి కవీ తన గజల్ తాను రాసుకుంటాడు. సభ ఒక్కటే, రచనలు మాత్రం వేర్వేరు.

పాటకు ఈ బంధం లేదు. నడక కుదిరితే చాలు. దీనికి తోడు తెలుగు వ్యాకరణం చేసే ఒక ఉపకారాన్ని ఇంతవరకు తగినంతగా గమనించలేదు. తెలుగులో ఉత్తమ పురుష క్రియకు లింగభేదం లేదు. హిందీ పాటలో ‘నేను వస్తాను’ అనే అర్థమున్న పంక్తి పాడేది స్త్రీయో పురుషుడో క్రియే చెప్పివేస్తుంది. తెలుగులో చెప్పదు. కాబట్టి సినిమాలో నాయకుడు పాడిన పంక్తిని స్త్రీ ఒక్క అక్షరం మార్చకుండా తన మాటగా స్వీకరించగలదు. సంబోధన మాత్రం పట్టిస్తుంది. ‘పిల్లా’, ‘మావా’ వంటి పిలుపు ఉంటే పంక్తి పాత నోటిని వదిలిపెట్టదు. అప్పుడు కూర్చే స్త్రీ ఆ పిలుపును తొలగించాలి, లేదా దానిని అట్లాగే ఉంచి పరిహాసంగా మార్చాలి. ఈ ఎంపికే రచన. దీనిని గమనించని విమర్శ ‘సినిమా పాట ప్రభావం’ అనే ఒక్క మాటతో విషయాన్ని ముగిస్తుంది.

అతుకుకు ప్రమాణాలు

అరువు పంక్తులతో కట్టినదంతా కవిత్వమేనా? కాదు. ప్రమాణం లేకపోతే అతుకుల పాటకు, అతుకుల బొంతకు తేడా చెప్పలేం. ఈ విషయంలో ఇతర సాహిత్యాల అనుభవం ఉపకరిస్తుంది.

సామాన్య శకం 4వ శతాబ్దానికి చెందిన లాటిన్ కవి ఔసోనియస్ వర్జిల్ పంక్తులతో ఒక వివాహ గీతం కూర్చి, ఆ పద్ధతికి నియమాలు కూడా చెప్పాడు. మూలంలో పక్కపక్కన ఉన్న రెండు పంక్తులను అట్లాగే తెచ్చి పెట్టడం పేలవమని, మూడింటిని తేవడం మరీ తేలిక పని అని అతని అభిప్రాయం. అదే శతాబ్దంలో ప్రోబా అనే కవయిత్రి వర్జిల్ పంక్తులతోనే బైబిలు కథ చెప్పింది. మన దేశంలో 9వ శతాబ్దపు జైన కవి జినసేనుడు ‘పార్శ్వాభ్యుదయం’లో కాళిదాసు మేఘదూత పాదాలను పొదిగాడు. యక్షుని విరహానికి చెందిన మాటలు అక్కడ తపస్సులో ఉన్న పార్శ్వనాథుని ఎదుట ప్రలోభంగా, ఉపద్రవంగా మారతాయి. పాదం అదే, రసం వేరు.

ఈ ఉదాహరణల నుంచి, మన పాట స్వభావం నుంచి మూడు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు.

మొదటిది అర్థాంతరం. అరువు పంక్తి పాత పాటలో చెప్పినదానికి భిన్నమైనదో, అదనమైనదో ఇక్కడ చెప్పాలి. సాయుధ పోరాట కాలంలో ఉయ్యాల పాట, సుద్దాల హనుమంతు చేతిలో గొల్లసుద్దులు, తరువాత రాష్ట్ర సాధన ఉద్యమంలో రోడ్ల మీద ఆడిన బతుకమ్మ ఈ ప్రమాణానికి నిలిచాయి. పాత వరుసకు నాయకుని పేరు మాత్రమే తగిలించి స్తుతిగా మార్చే పాటలు నిలవవు. అక్కడ మారినది అర్థం కాదు, చిరునామా.

రెండవది వక్త సంగతి. పంక్తికీ పంక్తికీ మధ్య మాట్లాడే మనిషి మారితే ఆ మార్పుకు పాటలో ప్రయోజనం ఉండాలి. కోడలి మాట, అన్న మాట, పాడే స్త్రీ సొంత మాట ఒకదానిలోకి ఒకటి జారినప్పుడు శ్రోతకు కలిగేది గందరగోళమా, లేక ముగ్గురిదీ ఒకే బాధ అన్న ఎరుకా అని విమర్శకుడు తేల్చాలి.

మూడవది బృందామోదం. ఇది సామూహిక గేయానికే ప్రత్యేకమైన ప్రమాణం. ఒకరు చేర్చిన పంక్తిని వలయం పలికితే అది పాటలో చేరుతుంది. తడబడినా, నవ్వి వదిలేసినా రాలిపోతుంది. లిఖిత సాహిత్యంలో రచన తరువాత వచ్చే విమర్శ ఇక్కడ రచనలోనే భాగం. వలయంలోని ప్రతి స్త్రీ ఏకకాలంలో సహకర్త, విమర్శకురాలు.

హక్కు, ధ్వనిముద్రణ

కర్తృత్వం ప్రశ్న నేడు కేవలం సిద్ధాంత చర్చ కాదు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టం ప్రకారం ఒకరి భాగం మరొకరి భాగం నుంచి వేరుగా కనిపించని సహకార రచనే ఉమ్మడి రచన. అతుకుల పాటలో ప్రతి పంక్తీ వేరుగానే కనిపిస్తుంది, వేరు కానిది కూర్పు. చట్టం చూసే చోట ఉమ్మడితనం లేదు, ఉమ్మడితనం ఉన్నచోట చట్టం చూడదు. 2012 సవరణ సినిమా గీత రచయితల రాయల్టీ హక్కును బలపరిచింది, అది న్యాయమే. కాని జానపద పల్లవిని ఎత్తుకొని కొత్త పాట రాసినప్పుడు, ఆ పల్లవిని అప్పటివరకు నోటిలో బతికించినవారి స్థానం ఏమిటి? 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగదరియా’ పాట సందర్భంగా ఈ చర్చ బహిరంగంగానే సాగింది. సేకరించినవారు, పాడినవారు, తిరిగి రాసినవారు అని కర్తృత్వానికి పలు మెట్లున్నాయని ఆ చర్చ తెలిపింది. ఆ మెట్లను వివరించే పదజాలం ఇవ్వవలసింది సాహిత్య విమర్శే.

ఇంకొక మార్పు మరింత లోతైనది. కాలనీ మైదానాలలో డీజే పెట్టెలు వచ్చాయి. ధ్వనిముద్రిత పాటకు పాఠం స్థిరం. వలయం తిరుగుతుంది, చప్పట్లు పడతాయి, కాని ఎత్తుకొనే గొంతు అవసరం లేదు. పల్లవి పదం వద్ద ఇదివరకు దొరికిన వ్యవధిని వాద్యం నింపివేస్తుంది. కొత్త పంక్తి దూరే సందు అక్కడే ఉండేది. అందువల్ల పోతున్నది పాత పాట కాదు. పాత పాటలు ఎప్పటికన్నా ఎక్కువగా ముద్రితమై దొరుకుతున్నాయి. పోతున్నది కట్టే అవకాశం. ధ్వనిముద్రణను నిందించడం దీనికి పరిష్కారం కాదు. నేటి ముద్రిత పంక్తి రేపటి అరువు పంక్తి కాగలదు, సినిమా పాట విషయంలో అది జరిగింది. అయితే అందుకు పెట్టె ఆగిన కొంత సమయం కావాలి.

పరిష్కరణకు సూచనలు

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధన తెలుగు జానపద గేయాల అధ్యయనానికి శాస్త్రీయమైన పునాది వేసింది. నాయని కృష్ణకుమారి గేయగాథలపై చేసిన కృషి దానిని విస్తరించింది. గేయాన్ని వస్తువు, సందర్భాలను బట్టి గుర్తించి వర్గీకరించడం ఆ దశకు అవసరం. ఆ పునాదిపై నిలబడి తరువాతి అడుగు వేయవలసిన బాధ్యత మనది. పలు ప్రతులను పోల్చి ‘సమగ్ర పాఠం’ తయారు చేసేటప్పుడు వేరే పాటలోని పంక్తిని ప్రక్షిప్తంగా తొలగించే అలవాటును విడిచిపెట్టాలి. తాళపత్ర పరిష్కరణ నుంచి వచ్చిన ఆ పద్ధతి, మూలకర్త ఒకడున్న గ్రంథానికి తగినది. సామూహిక గేయంలో ప్రక్షిప్తమని తీసివేసిన పంక్తి ఒక స్త్రీ చేసిన రచన కావచ్చు.

కాబట్టి ఒక సందర్భంలో పాడిన పాటను ఆ సందర్భపు పాఠంగానే నమోదు చేయాలి. ఏ పంక్తి వద్ద గొంతు మారిందో, ఆ పంక్తిని ఆమె ఏ ఊరిలో, ఎవరి వద్ద, లేదా ఏ సినిమా వల్ల నేర్చుకున్నదో, బృందం దానిని పలికిందో లేదో గుర్తించాలి. పాడిన స్త్రీలు అంగీకరిస్తే వారి పేర్లు పాఠంతోపాటు ఉండాలి. సేకర్త పేరు అట్టమీద ఉండి, కట్టినవారి పేర్లు ఎక్కడా లేని సంపుటాలు మనకు చాలినన్ని ఉన్నాయి.

ముగింపు

అరువు తెచ్చిన పంక్తిలో పాడే స్త్రీకి సొంతమైనది ఏమీ లేదని అనుకోవడం వల్ల సామూహిక గేయం మన విమర్శలో ‘ప్రజల సొత్తు’ అనే గౌరవ వచనంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ మాట ఉదారంగా వినిపించినా, ఎవరి రచనా కాదని చెప్పడానికే ఉపయోగపడింది. పంక్తి ఎంపిక, దానిని నిలిపిన చోటు, సంబోధనలో చేసిన మార్పు, బృందం ఇచ్చిన అంగీకారం అనే నాలుగింటినీ రచనా చర్యలుగా చదివినప్పుడు ఈ పాటకు కర్తలు కనిపిస్తారు. ఉప్పల్, నాచారాలు ఇందుకు ఒక ఉదాహరణ మాత్రమే. వలస ఉన్న ప్రతి పట్టణంలోనూ, వేర్వేరు ఊళ్ల పాటలు ఒకే మైదానంలో కలిసే ప్రతిచోటా ఈ అధ్యయనానికి అవకాశమున్నది. వలయంలో ఎత్తుకొనే గొంతులు ఇంకా ఉన్నప్పుడే ఆ పని జరగాలి.