నడుం మీద గ్లాసు తొణకకుండా

ఎమ్మిగనూరులో గుంట మగ్గం ముందు నిలబడితే ఎవరి కళ్లయినా నేతగాడి చేతుల మీదికే పోతాయి. నడుం వైపు చూడండి. గుంటలో కాళ్లు తొక్కుడు పలకల్ని మార్చి మార్చి తొక్కుతుంటాయి. ఒక చెయ్యి తాడు లాగి నాడెను పరుగెత్తిస్తుంది, రెండోది పన్నెతో పేకను గుద్దుతుంది. వీపు ఆనుకోడానికి ఏమీ లేదు. మొండెం మాత్రం కదలదు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊళ్లో ఈ విద్య ఎవరూ విడిగా నేర్పరు.

కదలకపోవడం కూడా కండరాల పనే. మనం చెయ్యెత్తబోతే భుజం కండరం కంటే ముందే పొట్ట లోపలి పొర, ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్, బిగుసుకుంటుందని 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ చూపించారు. నడుంనొప్పి ఉన్నవాళ్లలో ఆ బిగింపు ఆలస్యమైంది.

ఈ నిలకడను సాధన చేయించే వ్యాయామం ‘బర్డ్ డాగ్’. పేరు నవ్వు తెప్పిస్తుంది గానీ, వెన్ను పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ ఏరిన మూడింటిలో ఇదొకటి. చాప మీద భుజాల కింద అరచేతులు, తుంటి కింద మోకాళ్లు ఆనించాలి. చూపు నేల మీదే. పొట్టను లోపలికి పీల్చకూడదు. ఎవరో గుద్దబోతున్నట్టు బిగించాలి, ఊపిరి మాత్రం ఆడుతూనే ఉండాలి. కుడి పాదాన్ని నేల మీద వెనక్కి జరిపి, కాలు తుంటి ఎత్తుకు వచ్చేదాకా లేపాలి, అంతకు మించి వద్దు. మడమతో వెనక గోడను నెడుతున్నట్టుండాలి. ఎడమ చెయ్యి చెవి పక్కగా ముందుకు సాగాలి. ఎనిమిది, పది సెకన్లు చాలు. దించి, వైపు మార్చాలి.

కుడి కాలికి ఎడమ చెయ్యే ఎందుకు? కుడి పిరుదు కండరాన్నీ, ఎడమ వీపును కప్పే లాటిసిమస్‌నూ నడుం దగ్గరున్న పలచటి, గట్టి పొర ఐమూలగా కలుపుతుంది. రెండూ ఒకేసారి లాగితే నడుం బిగుస్తుంది. ఆదోని యార్డులో వేరుశనగ బస్తాతో నడిచే హమాలీకి దన్ను ఈ పట్టే. ఇంత పొందికైన అమరిక ఏ యంత్రంలోనూ నాకు కనబడలేదు.

తప్పు దొర్లేది ఎక్కువగా తుంటి దగ్గరే. కాలు లేవగానే అది పక్కకు తిరుగుతుంది, నడుం కిందికి జారుతుంది. అద్దం అక్కర్లేదు, సగం నీళ్లు పోసిన స్టీలు గ్లాసును నడుం మీద పెట్టించుకుంటే అదే చెబుతుంది. అది తొణక్కుండా నిలిచాక, నేల మీదున్న మోకాలి వైపు కాలివేళ్లను కాస్త పైకి లేపండి. ఆధారం మోకాలికీ ఒక్క అరచేతికీ కుదించుకుపోతుంది. అసలు పని అప్పుడే మొదలవుతుంది. నడుంలో చురుక్కుమంటే మాత్రం ఆపి, ఫిజియోథెరపిస్టును అడగాలి.