లెస్లీ న్యూబిగిన్: లౌకిక చింతనపై ఒక క్రైస్తవ వేదాంతి విమర్శ

‘సెక్యులర్’ అనే మాటకు తెలుగులో ‘లౌకిక’ అన్న పదం స్థిరపడిపోయింది. ఉర్దూ రచయితల్లో కొందరు దానిని ‘లాదీనియత్’ అన్నారు. అంటే ధర్మరాహిత్యం. ఈ రెండు పదాల మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. అన్ని మతాల పౌరులనూ సమానంగా చూచే రాజ్యం లౌకిక రాజ్యం. దైవానికీ పరలోకానికీ మానవ విజ్ఞానంలో చోటు లేదనే తత్వం లౌకికవాదం. మొదటిది పాలనకు సంబంధించిన ఏర్పాటు, రెండవది ఒక జీవిత దృక్పథం. రెంటికీ ఒకే పేరు ఉన్నందువలన తత్వాన్ని ఖండించబోయి ఏర్పాటును దెబ్బతీసేవారు, ఏర్పాటును కాపాడబోయి తత్వానికి లొంగిపోయేవారు మన సమాజంలో తరచుగా కనిపిస్తారు.

ఈ చిక్కును తన జీవితంలోనే రెండు వైపుల నుండి చూచిన క్రైస్తవ వేదాంతి బిషప్ లెస్లీ న్యూబిగిన్. ఆయన విశ్వాసానికి కేంద్రం త్రిత్వం, శిలువ. ఈ రెంటిలోనూ ముస్లిముకు ఆయనతో ఏకీభావం సాధ్యం కాదు. అయినా ఆధునిక యూరప్ విజ్ఞానాన్ని ఆయన నిలదీసిన తీరు ముస్లిం విద్యావంతులు శ్రద్ధగా పరిశీలించదగినది.

న్యూబిగిన్ 1909 డిసెంబరు 8న ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జన్మించారు. 1928లో కేంబ్రిడ్జిలో చేరేనాటికి ఆయన దృఢవిశ్వాసి కాదు. విద్యార్థి దశలో దక్షిణ వేల్స్‌లోని నిరుద్యోగ గని కార్మికుల మధ్య సేవ చేయడానికి వెళ్లినప్పుడు కలిగిన ఒక ఆధ్యాత్మికానుభవం ఆయన జీవిత మార్గాన్ని మార్చింది. 1936లో భార్య హెలెన్‌తో కలిసి మద్రాసు చేరారు. తమిళం క్షుణ్ణంగా నేర్చుకున్నారు. కంచిలో పని చేసిన కాలంలో రామకృష్ణ మఠం సాధువులతో కలిసి నేల మీద కూర్చుని ఒక వారం ఉపనిషత్తులు, ఒక వారం యోహాను సువార్త పఠించేవారు. పరధర్మాన్ని దాని మూలగ్రంథాల నుండి, దానిని ఆచరించేవారి నోటి నుండి నేర్చుకోవాలన్న ఈ నియమాన్ని ఆయన చివరి వరకూ విడువలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దోర్నకల్ వంటి తెలుగు మండలాలు అందులో చేరాయి. గోదావరి ప్రాంతంలో బలంగా ఉన్న ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం వెలుపలే ఉండిపోయింది. కొత్త సంఘంలో న్యూబిగిన్ 37 ఏళ్ల వయస్సులో మదుర–రామనాడు బిషప్ అయ్యారు. తరువాత ప్రపంచ క్రైస్తవ సంస్థలలో పనిచేసి, 1965 నుండి 1974 వరకు మద్రాసు బిషప్‌గా ఉన్నారు. 1998 జనవరి 30న లండన్‌లో మరణించారు.

ఆయన మద్రాసులో ఉన్న రోజుల్లోనే ఆంధ్రదేశానికి సంబంధించిన ఒక వివాదం తలెత్తింది. కృష్ణా ప్రాంతపు మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు 1942లో తనకు క్రీస్తు దర్శనం కలిగిందని ప్రకటించారు. అయితే బాప్తిస్మాన్నీ చర్చినీ తిరస్కరించారు. ఆయన చుట్టూ చేరినవారు హిందూ సమాజంలోనే ఉండిపోయారు. బెంగుళూరులో బోధించే డేనిష్ పండితుడు కాయ్ బాగో 1968లో ఈ ఉద్యమంపై పుస్తకం ప్రచురించారు. క్రీస్తును నమ్మడానికి క్రైస్తవ సమాజంలో చేరనవసరం లేదన్నది బాగో వాదం. న్యూబిగిన్ 1969 నాటి తన గ్రంథంలో ఈ వాదాన్ని కాదన్నారు. కంటికి కనిపించే సమాజ రూపం దాల్చని విశ్వాసం మనిషి లోపలి భావంగా మిగిలిపోతుందని ఆయన అభిప్రాయం. నమాజును జమాఅత్‌తో, జకాతును బీదల హక్కుతో ముడిపెట్టిన ధర్మానికి చెందిన పాఠకులకు ఈ మాట కొత్త కాదు. తరువాత ఆయన లౌకికవాదంపై చేసిన విమర్శకు బీజం ఇక్కడే ఉంది.

అయితే ఆ రోజుల్లో ఆయన లౌకికవాదానికి విరోధి కాదు. ‘ఆనెస్ట్ రెలిజియన్ ఫర్ సెక్యులర్ మాన్’ అనే 1966 నాటి గ్రంథంలో లౌకికీకరణను చాలావరకు స్వాగతించారు. కులం వంటి పాత కట్టుబాట్ల నుండి మనిషిని విడిపించే శక్తి దానికి ఉందనీ, ఆ శక్తి బైబిలు విశ్వాసం నుండే పుట్టిందనీ భావించారు. ఆ దశకంలో ఎందరో పాశ్చాత్య వేదాంతులది ఇదే ధోరణి. సయ్యద్ ముహమ్మద్ నఖీబ్ అల్ అత్తాస్ 1978లో ప్రచురించిన ‘ఇస్లాం అండ్ సెక్యులరిజం’లో ఖండించినది ఈ ధోరణినే.

1974లో పదవీ విరమణ చేసిన న్యూబిగిన్ దంపతులు బస్సులు మారుతూ భూమార్గాన ఇంగ్లండు చేరారు. తుర్కీలోని కప్పదోకియా ఒకనాడు క్రైస్తవానికి పట్టుకొమ్మ. అక్కడ ఆదివారం ఆరాధనకు తామిద్దరు తప్ప మరెవరూ లేకపోవడం ఆయన మనస్సులో నాటుకుపోయింది. స్వదేశం చేరాక అంతకంటే పెద్ద ఆశ్చర్యం ఎదురయింది. మద్రాసు మురికివాడల్లో కూడా రేపటిపై ఆశ ఉండేది. ఇంగ్లండు యువతలో ఆ ఆశ కనిపించలేదు. బర్మింగ్‌హాంలో జైలు గోడకు ఎదురుగా ఉన్న ఒక చిన్న చర్చికి పెద్దగా పనిచేస్తూ ఆయన ఈ స్థితికి కారణం వెదికారు. 1983లో ‘ది అదర్ సైడ్ ఆఫ్ 1984’, 1986లో ‘ఫూలిష్‌నెస్ టు ది గ్రీక్స్’, 1989లో ‘ది గాస్పెల్ ఇన్ ఎ ప్లూరలిస్ట్ సొసైటీ’ వెలువడ్డాయి. 1966లో తాను స్వాగతించిన దానినే ఈ గ్రంథాలలో ఆయన ప్రశ్నించారు.

ఆయన వాదన సారాంశం ఇది. ఆధునిక యూరప్ విజ్ఞానాన్ని రెండు గదులుగా విభజించింది. ఒక గదిలో ‘యథార్థాలు’ ఉంటాయి. అవి అందరికీ వర్తిస్తాయి, వాటిని బడిలో బోధిస్తారు. రెండవ గదిలో ‘విలువలు’ ఉంటాయి. అవి ఎవరి ఇష్టం వారివి. మతాన్ని ఈ రెండవ గదిలో పెట్టి తలుపు వేశారు. జీవకణాల నిర్మాణం పాఠ్యాంశం; మనిషిని ఎవరు, ఎందుకు సృష్టించారన్నది వ్యక్తిగతాభిప్రాయం. ఈ విభజన నిష్పక్షపాతమైనదని చెప్పుకుంటుంది. కాని అదీ ఒక విశ్వాసమే, దానికీ రుజువు లేదు అన్నారు న్యూబిగిన్.

ఈ వాదనకు ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు మైకేల్ పొలానీని ఆసరా చేసుకున్నారు. 1958 నాటి ‘పర్సనల్ నాలెడ్జ్’లో పొలానీ శాస్త్రజ్ఞుడు కూడా ఒక సంప్రదాయాన్ని నమ్మి, గురువు వద్ద శిక్షణ పొంది, ఆ నమ్మకం మీదనే పరిశోధన సాగిస్తాడని చూపారు. ఉస్తాద్ ముందు మోకాళ్లు మడిచి కూర్చుని పాఠం విని, ఇజాజత్ పొంది, పరంపరతో సహా విద్యను అందుకునే మదరసా విద్యార్థి ఈ వర్ణనలో తన్ను తాను గుర్తుపట్టగలడు. సందేహమే జ్ఞానానికి ద్వారమన్న డెకార్ట్ సిద్ధాంతం ఇక్కడ వీగిపోతుందని న్యూబిగిన్ అభిప్రాయం. ఏదో ఒకదానిని నమ్మకుండా మరొకదానిని సందేహించడం కూడా సాధ్యం కాదు.

ఆయన రెండవ వాదన ప్రయోజనానికి సంబంధించినది. దీనిని కోనసీమ పాఠకుడు ఇంటి ముందరి పంటకాలువతో అర్థం చేసుకోవచ్చు. కాలువ లోతు, వెడల్పు, నీటి వేగం ఎవరైనా కొలవవచ్చు. ఆ కొలతలు ఎంత కచ్చితమైనా దానిని ఎందుకు తవ్వారో చెప్పలేవు. తవ్వించినవాడు చెప్పాలి. సృష్టి ప్రయోజనం కూడా సృష్టికర్త తెలియజేస్తేనే తెలుస్తుంది. ఆధునిక విజ్ఞానం కొలతలను మాత్రమే జ్ఞానమని ప్రకటించి ప్రయోజనాన్ని వెలివేసింది. ఇంగ్లండు యువతలో ఆశ ఇంకిపోవడానికి ఇదే కారణమని ఆయన నిర్ణయానికి వచ్చారు.

ఇంతవరకు ఆయన వాదన బలమైనది. ఇక విమర్శకు వస్తే మూడు అంశాలు గమనార్హం.

మొదటిది చరిత్ర. ఇబ్నె సీనా, ఇబ్నె రుష్ద్‌ల ద్వారా అరిస్టాటిల్ తత్వం లాటిన్ యూరప్ చేరినప్పుడే విశ్వాసానికీ హేతువుకూ మధ్య చీలిక మొదలయిందని న్యూబిగిన్ సూచిస్తారు. ఆయన కథనంలో ముస్లిం తత్వవేత్తలు గ్రీకు సరకు మోసుకొచ్చిన బిడారులుగా మాత్రమే కనిపిస్తారు. కాని ఆ సరకుపై తీవ్రమైన బేరసారాలు ముందుగా జరిగినది ముస్లిం ప్రపంచంలోనే. డెకార్ట్‌కు 500 ఏళ్లకు పైగా ముందే ఇమాం గజాలీ (1058–1111) ఇంద్రియాలనూ బుద్ధినీ కూడా సందేహించి, దాదాపు రెండు నెలలు ఆ స్థితిలో గడిపి, దైవం హృదయంలో వేసిన వెలుగు వలన బుద్ధిపై నమ్మకం తిరిగి పొందానని తన ఆత్మకథలో తెలిపారు. సందేహం నుండి సందేహంతోనే బయటపడలేమన్న న్యూబిగిన్ సిద్ధాంతానికి ఇంతకంటె మంచి సాక్ష్యం లేదు.

రెండవది సిద్ధాంతం. యూరప్ మేధావులు పూజించిన దూరస్థుడైన దైవం త్రిత్వాన్ని మరచిన ఫలితమని ఆయన భావించారు. ఈ రోగ నిర్ణయం సరికాదు. ఆ దైవంలోని లోపం ఏకత్వం కాదు, మౌనం. గడియారం చేసి వదిలేసిన పనివానిలా సృష్టించి ఊరుకున్న దైవం అతడు. ప్రవక్తను పంపడు, గ్రంథం అవతరింపజేయడు, లెక్క అడగడు. తౌహీద్‌ను రిసాలత్ నుండీ ఆఖిరత్ నుండీ విడదీస్తే మిగిలేది ఇస్లాం కాదు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) సహా ప్రవక్తలందరి ద్వారా మాట్లాడిన దైవం ఏకైకుడు అయినందువలన దూరస్థుడు కాలేదు.

ఇదే అంశంలో మరొక లోపం కూడా ఉంది. ప్రతి జ్ఞానమూ ఒక విశ్వాసంతో మొదలయితే, రెండు విశ్వాసాల మధ్య తీర్పు ఎలా? విశ్వాసుల సమాజం జీవించి చూపే సాక్ష్యమే న్యూబిగిన్ ఇచ్చిన సమాధానం. సృష్టిని చూచి దైవాన్ని తెలుసుకునే మార్గాన్ని ఆయన ఎక్కువగా నమ్మలేదు. కాని కాలువ వెంట చివరి వరకు నడచినవానికి వరిచేలు కనిపిస్తాయి. తవ్వించినవాని మాట నిజమేనని అతడు గ్రహిస్తాడు. దివ్యఖుర్ఆన్ వాణితో పాటు సృష్టిలోని నిదర్శనాలను కూడా ‘ఆయతులు’ అనడంలోని ఔచిత్యం ఇదే. వాణి చెబుతుంది, నిదర్శనం ధ్రువపరుస్తుంది.

మూడవది, ముఖ్యమైనది, రాజ్యం. సువార్త ‘బహిరంగ సత్యం’ అన్నది న్యూబిగిన్ నినాదం. బలవంతాన్నీ మతరాజ్యాన్నీ ఆయన స్పష్టంగా తిరస్కరించారు. అందులో ఆయన చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. ఆయన చివరి రోజుల్లో లామిన్ సానే, జెన్నీ టేలర్‌లతో కలిసి రాసిన 1998 నాటి గ్రంథంలో, మతాన్ని ఇంటి నాలుగు గోడలకు పరిమితం చేయడానికి ముస్లింలు అంగీకరించకపోవడాన్ని గౌరవంతోనే గమనించారు. ఇస్లాం దైవపాలననూ రాజకీయాధికారాన్నీ ఒకటి చేస్తుందన్న ఆక్షేపణ కూడా చేశారు. కాని సత్యాన్ని బహిరంగంగా ప్రకటించేవాడు అధిక సంఖ్యాకుడైతే ఒక ఫలితం, అల్పసంఖ్యాకుడైతే మరొక ఫలితం ఉంటుంది. 1992 వేసవిలో ఇంగ్లండులోని స్వానిక్‌లో ఈ నినాదంపై మహాసభ జరిగింది. అదే సంవత్సరం డిసెంబరు 6న అయోధ్యలో బాబరీ మస్జిద్ కూలిపోయింది. ఈ రెంటికీ సంబంధం లేదు. అయితే ఒక విశ్వాసం బహిరంగ స్థలాన్ని తనదిగా ప్రకటించినప్పుడు ఎదుటివారి రక్షణకు హామీ ఏమిటన్న ప్రశ్న ఈ దేశంలో ఎంత పదునైనదో ఆ సంవత్సరం చూపింది. వేదాంతి సదుద్దేశం ఆ హామీకి చాలదు.

దీనికి భారత ముస్లిం సంప్రదాయంలోనే ఒక సమాధానం ఉంది. మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ 1938లో మదీనా ఒడంబడికను ఆధారం చేసుకుని, భిన్న మతస్థులు ఒప్పందంతో ఒకే జాతిగా జీవించవచ్చునని వాదించారు. ఈ దృష్టితో చూస్తే లౌకిక రాజ్యం మరో ధర్మం కాదు, పొరుగువారితో చేసుకున్న మాట. మాటకు కట్టుబడటం విశ్వాసి విధి. రాజ్యాంగం 25వ అధికరణం ఆ మాటలో భాగం. తత్వాన్ని విమర్శించడానికి ఆ ఒడంబడికను తెంచనవసరం లేదు.

చివరిగా, న్యూబిగిన్ విమర్శను తెలుగు నేలకు యథాతథంగా అన్వయించలేము. యూరప్‌లో మతం ఇంట్లోకి వెళ్లింది. ఇక్కడ వీధిలోనే ఉంది. ఐనవిల్లిలోని వినాయక దేవస్థానంలో పరీక్షల ముందు పూజించిన కలాలను విద్యార్థులకు పంచడం ప్రసిద్ధం. చదువు వంటి ‘లౌకిక’ వ్యవహారం కూడా ఇక్కడ మతానికి దూరం కాలేదు. ఇది ఒక్క మతం వారి సంగతి కాదు. ఉత్తీర్ణత కోసం తావీజు కట్టించేవారు, గల్ఫ్ వీసా కోసం దర్గాలో మొక్కుకునేవారు ముస్లింలలోనూ ఉన్నారు. పైకి మతం నిండుగా కనిపిస్తుంది. కాని మార్కులు, ఉద్యోగం, వీసా అనే లక్ష్యాలను లోకమే నిర్ణయించింది. మతాన్ని వాటికి సేవకునిగా పిలిచారు. యూరప్ లౌకికవాదం దైవాన్ని వెలుపల నిలబెట్టింది, మన లౌకికత్వం ఆయనను లోపలికి పిలిచి పని చెబుతోంది. రెండవది ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అది భక్తి వేషంలో ఉంటుంది.

తొలి దైవవాణిలోనే కలం ప్రస్తావన ఉన్నదని పాఠకులకు తెలుసు. అక్కడ కలం మనిషికి తెలియనిది నేర్పడానికి దైవం ఎన్నుకున్న సాధనం. ఆ కలంతో రాసిన చదువు దేని కోసం అన్న ప్రశ్నను ముస్లిం పాఠశాలలు తమ పిల్లల ముందు పెట్టకపోతే, ఉదయం దీనియాత్ పాఠం చెప్పినంత మాత్రాన అవి లౌకికవాదం నుండి తప్పించుకున్నట్లు కాదు. న్యూబిగిన్ రెండు గదులని వర్ణించినది అదే.