పడుకున్న మనిషి కోసం కట్టిన ఆస్పత్రి

వాస్తుశిల్పులు గదిని గీసేటప్పుడు సాధారణంగా నిలబడి తిరిగే మనిషినే మనస్సులో ఉంచుకొంటారు. కాని నెలల తరబడి మంచం పట్టిన రోగికి గది అంటే ముఖ్యంగా పైకప్పే. ఈ చిన్న సంగతిని ఆధారం చేసుకొని ఒక ఆస్పత్రి గదులను రూపొందించిన ఘనత ఫిన్లండు వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టోకు (1898–1976) దక్కుతుంది. పైమియోలోని ఆ క్షయరోగుల శానటోరియానికై 1929లో జరిగిన పోటీలో ఆయన నమూనా నెగ్గింది; 1933లో భవనం పూర్తి అయినది.

గదికి రెండు మంచాలు. పైకప్పుకు కళ్లకు గుచ్చుకొనని ముదురు రంగు వేయించాడు. దీపాన్ని రోగి చూపు తగలని చోట అమర్చాడు. గదిని వెచ్చపరచే పలకలు కూడ పైకప్పులోనే. వాటి వేడి పాదాలకు తగిలేదిగాని తలకు నేరుగా తగిలేది కాదు. కిటికీకి రెండు వరుసల అద్దాలు. బయటి చలిగాలి వాటి నడుమ ఏటవాలుగా సాగి, కొంత వేడెక్కి లోపలికి వచ్చేది. అన్నిటికంటె మెచ్చదగినది చేతులు కడుగుకొనే పింగాణీ తొట్టి. నీటిధార దాని గోడను ఏటవాలుగా తాకేటట్లు మలచారు. ఒకరు చేతులు కడుగుకొంటే పక్క మంచం మీది రోగికి నిద్రాభంగం కారాదని! వంచిన పలుచని చెక్కతో చేసిన కుర్చీకి సైతం ఊపిరి సుఖంగా ఆడే వాలు ఇచ్చారు. ఆల్టో పనిలో ఆయన భార్య, వాస్తుశిల్పి ఐనో ఆల్టో సహచరి. ఆ సంగతి తరచు మరుగున పడుతుంది.

ఇంతవరకు ప్రశంసే. అయితే ఆల్టో ఈ భవనాన్ని ఒక వైద్యసాధనంగా భావించాడు. ఆ మాట పరీక్షకు నిలుస్తుందా? ఎండ, గాలి, విశ్రాంతి క్షయను నయం చేస్తాయన్నది ఆనాటి వైద్యుల నమ్మకం. అందుకే పొడవైన వరండాలు కట్టి, రోగులను ఆరుబయట పడుకోబెట్టేవారు. తరువాత మందులు వచ్చాయి. మద్రాసులో 1956లో ఆరంభమైన ఒక పరిశోధనలో 193 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వారి ఇరుకు ఇళ్లలోనే, మరొక జట్టుకు శానటోరియంలో, అవే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. తిండి, విశ్రాంతి శానటోరియంలోనే మెరుగు. అయినా 1959లో వెలువడిన ఫలితాలలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. క్షయక్రిమిని చంపినది మందేనని తేలింది. పైమియో శానటోరియం కూడ ఆపైన సాధారణ ఆస్పత్రిగా మారింది.

కనుక వరండాల వాదం ఓడిపోయింది. నీటి తొట్టి వాదం ఓడలేదు. రోగాన్ని నయం చేయడం వేరు, రోగి బాధను తగ్గించడం వేరు. ఆల్టోను మెచ్చుకొనేవారు అనేకులు ఈ రెండింటినీ కలిపివేసి, భవనమే రోగులను బాగు చేసినట్లు వ్రాస్తారు.

పరిసరాల ప్రభావానికి కొంత రుజువు 1984లో దొరికింది. పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగిన 46 మంది రికార్డులను అమెరికాలో రోజర్ ఉల్రిచ్ పరిశీలించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది ఆపరేషన్ తరువాత సగటున 7.96 రోజులు, ఇటుక గోడ కనిపించిన 23 మంది 8.70 రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. మొదటి వారికి గట్టి నొప్పిమందుల అవసరం కూడ తక్కువే. అయితే సంఖ్య చిన్నది, చూచినది పాత రికార్డులను. పైగా అక్కడ పోల్చినది కిటికీ దృశ్యాన్ని మాత్రమే. పైకప్పు రంగు, తొట్టిలో పడే నీటి చప్పుడు ఆ లెక్కలో లేవు.