నీళ్ళు తీశాక పాట వెంట కెమెరా

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను తీరం తాకింది. గట్లు తెగి న్యూ ఆర్లీన్స్ నగరంలో దాదాపు 80 శాతం నీట మునిగింది. జాజ్ పుట్టిన ఊరది. అక్కడి వాద్యకారులు హ్యూస్టన్, ఆస్టిన్, మెంఫిస్‌లకు చెల్లాచెదురయ్యారు.

కొద్ది నెలల్లోనే దర్శకుడు రాబర్ట్ మగ్గీ వాళ్ళను వెతుక్కుంటూ బయల్దేరాడు. 2006లో వచ్చిన ఆయన డాక్యుమెంటరీ చిత్రం ‘న్యూ ఆర్లీన్స్ మ్యూజిక్ ఇన్ ఎగ్జైల్’లో గాయని ఐర్మా థామస్ కనిపిస్తుంది, ఆమె నడిపిన ‘లయన్స్ డెన్’ క్లబ్బునూ వరద ముంచేసింది. వరద చిత్రమంటే పడవలు, పైకప్పుల మీద జనం, వెనక విషాద వయొలిన్. సంగీతకారుల వెంట నడిచే ఇలాంటి చిత్రానికి ఆ సరుకు చాలదు. పాట నడుస్తుండగా కెమెరా ఆగకూడదు, మైకు తప్పకూడదు. ఎడిటింగ్ కోత తాళాన్ని తెంపకూడదు. బాధ చెప్పించడం కంటే వాయించనివ్వడమే కష్టం. (టీవీ వార్తలకు అంత ఓపిక ఎక్కడిది?)

అదే ఏడాది దర్శకుడు స్పైక్ లీ ఈ వరద మీద తీసిన డాక్యుమెంటరీ ‘వెన్ ది లెవీస్ బ్రోక్’కు సంగీతం కూర్చిన టెరెన్స్ బ్లాంచర్డ్ ఆ ఊరివాడే. పాడైపోయిన ఇంటికి తన తల్లిని తీసుకెళ్ళే దృశ్యంలో ఆయనే తెర మీదికొచ్చాడు. సంగీతకారుడే సాక్షి అయ్యాడు.

ఆ చిత్రానికి బ్లాంచర్డ్ కూర్చిన బాణీల నుంచే 2007లో ‘ఎ టేల్ ఆఫ్ గాడ్స్ విల్’ ఆల్బం వచ్చింది. మరుసటి ఏడాది దానికి గ్రామీ దక్కింది.