జీడిపిక్కల కాలం

ఉద్దానం ఇసుక నేలలో వేసవి వచ్చిందంటే పింఛనుదారులకూ తీరిక ఉండదు. ఉద్యోగం ముగించుకుని వజ్రపుకొత్తూరు, మందస వైపు సొంత జీడితోటలకు చేరిన మాస్టారు దంపతుల్నే చూడండి. విశాఖ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన స్నేహితుల చేతికీ బుట్ట ఇచ్చేస్తారు. పండు కోయకూడదు, రాలాలి. పిక్కను మెలిపెట్టి తీసి ఎండలో ఆరబెట్టాలి. చెవి దగ్గర ఊపితే గలగలమనాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటల్ని నేలకూల్చింది. జీడిమొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు. అరవై దాటినవాళ్లు మళ్లీ మొక్క నాటడమంటే మాటలా!

అసలు పనితనం మాత్రం పలాస-కాశీబుగ్గ కార్ఖానాల్లోని ఆడవాళ్లది. పెంకులోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అయినా ఆ చేతులు గుండు చెదరకుండా పప్పు తీస్తాయి. తర్వాత పప్పు వేడికి ఆరాలి, పొట్టు ఊడాలి, సైజు తేలాలి. 320 రకమంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు. చెయ్యి కాస్త తప్పితే అది బద్ద, ధర జారినట్టే. ఉప్మాలోకి బద్దలే మేలంటారు మాస్టారి ఇల్లాలు. నా ఓటూ వాటికే.