చూపుతో పట్టిన విద్య

మన మాటల్లో కోతిచేష్టలంటే తేలికభావం. చైనా యుద్ధవిద్యల్లో మాత్రం కోతిని అనుకరించడం గట్టి క్రమశిక్షణ. హౌచువాన్ అనే ఈ పద్ధతిలో యోధుడు మోకాళ్లు వంచి నేలకు దగ్గరగా కదులుతాడు, దొర్లుతాడు, బెదిరినట్టు వెనక్కి జరుగుతాడు. ఎదుటివాడు తూలి ముందుకొచ్చిన క్షణంలో కళ్లనో గొంతునో మోకాలినో అందుకుంటాడు. భుజాలు ముడుచుకుంటే దెబ్బ తగిలే చోటు తగ్గుతుంది. ఇందులోని తైషెంగ్ అనే శాఖను కౌ సీ అనే ఖైదీ చెరసాల దగ్గరి కోతులను గమనించి కూర్చాడని పరంపర చెబుతుంది. అది కట్టుకథేనని ఆక్షేపించవచ్చు. కోతి అభినయం అంతకంటే చాలా పాతదే. హాన్ రాజవంశ చరిత్రలోనే ఒక అధికారి విందులో కోతీ కుక్కా పోట్లాటను ఆడి చూపిన ప్రస్తావన ఉంది. అయినా ఓపికగా చూడటమే మొదటి పాఠమన్న సత్యం ఆ కథలో నిలిచే ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అక్కడి వాహనాల రేకు సరిచేసే టింకరింగ్ పని పుస్తకంలో దొరకదు. సొట్టపడ్డ రేకు వెనక ఇనుప దిమ్మె ఆనించి, మణికట్టు ఎంత వదులుగా ఉంచి మేస్త్రి సుత్తి వేస్తున్నాడో కుర్రవాడు చూస్తాడు. అలాగే వేసి, చప్పుడును బట్టి దెబ్బ సరిచూసుకుంటాడు. అనుకరణలో కొత్తది పుట్టదని కొందరంటారు. కానీ పాతదాన్ని ఒంటబట్టించుకున్నవాడికే ఎక్కడ మార్చాలో తెలుస్తుంది. కౌ సీ విద్యకు గెంగ్ దెహై అనే యోధుడు పిగువా అనే మరో యుద్ధపద్ధతిని జోడించి కొత్త శాఖ తీర్చాడని అదే పరంపర చెబుతోంది. చేతికి వచ్చిన ఈ చదువును చదువుగానే గౌరవించాలి.