పెట్టెలో మడి, పల్లంలో మడి

మెల్ బార్తలమ్యూ పుస్తకం ‘స్క్వేర్ ఫుట్ గార్డెనింగ్’ 1981లో వచ్చింది. బ్రాడ్ లాంకాస్టర్ ‘రెయిన్‌వాటర్ హార్వెస్టింగ్ ఫర్ డ్రైలాండ్స్ అండ్ బియాండ్’ మొదటి సంపుటం 2006లో వచ్చింది. అరిజోనాలో చిన్న పెరడున్న వాళ్లు రెండూ చదవాలి. అయితే అక్కడ నమ్మి పాటించాల్సింది రెండోదాన్నే.

బార్తలమ్యూ సివిల్ ఇంజనీరు. ఏడాది పొడుగునా వానలుండే లాంగ్ ఐలాండ్‌లో తన పద్ధతికి రూపమిచ్చాడు. నాలుగడుగుల చదరపు మడిని అడుగు చొప్పున గళ్లుగా విభజించి, మొక్క సైజును బట్టి గడికి ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు చొప్పున నాటమంటాడు. చోటు వృథా కానివ్వని ఈ లెక్క నాకెంతో ఇష్టం. కానీ తర్వాత ఆయన పెరటి మట్టినే వద్దన్నాడు. ఆరంగుళాల లోతు పెట్టె చేసి కంపోస్టు, పీట్ మాస్ అనే ఎండు నాచు, వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజం సమపాళ్లలో నింపమన్నాడు. ఎడారిలో చిక్కు ఇక్కడే. ఫీనిక్స్‌లో జూన్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నేలకు పైన ఉన్న పెట్టె పక్కల నుంచి కూడా కాగుతుంది. పీట్ ఒకసారి పూర్తిగా ఎండిందంటే పోసిన నీళ్లు పీల్చుకోదు, అంచుల వెంబడి జారిపోతాయి.

లాంకాస్టర్‌ది అరిజోనాలోని టూసాన్. అక్కడ ఏడాది వాన సుమారు 300 మిల్లీమీటర్లు. ఆయన నేలను ఎత్తు చేయడు, పల్లం చేస్తాడు. ఇంటి కప్పు మీది వాన, స్నానాల నీరు, వీధిలో పారే వరద అన్నీ ఆ పల్లాలకే మళ్లుతాయి. రాలిన ఆకు అక్కడే నేలకు కప్పుగా మిగులుతుంది. జింబాబ్వే రైతు జెఫనయా ఫిరి దగ్గర నేర్చుకున్నానని ఆయనే గౌరవంగా చెప్పుకుంటాడు. న్యూ మెక్సికోలోని జునీ ప్రజలవీ గళ్ల మడులే, కాకపోతే చుట్టూ మట్టిగట్లు పోసి గడి లోపల నీరు నిలుపుతారు. బార్తలమ్యూ గడిని నేలలోకి దించితే ఎడారికి సరిపోతుందనడానికి అంతకంటే రుజువేం కావాలి? లాంకాస్టర్‌కు చెట్ల మీదున్న ధ్యాస కూరగాయల మీద లేదు, అది లోటే.

ఇక కంపోస్టు. కనీసం ఐదు రకాలు కలపాలంటాడు బార్తలమ్యూ. సలహా మంచిదే. కానీ ఎడారిలో అసలు ప్రశ్న తడి. బయట పోసిన కుప్ప కుళ్లకముందే ఎండిపోతుంది. దీనికి జవాబు మన ఇండోర్‌లోనే ఉంది. వానాకాలం కుప్ప, పొడి కాలం గుంట అని అక్కడ కంపోస్టు పద్ధతి రూపొందించిన ఆల్బర్ట్ హోవర్డ్ 1931లోనే రాశాడు.

ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు నా మాట ఇది. చలికాలపు ఆకుకూరలకు పెట్టె చాలు. ఎండకు ఓర్చే గోంగూర, బెండ పల్లపు మడిలో వేయండి. కంపోస్టు గుంటలో చేసి పైన మూత వేయండి. తవ్వే ముందు చిన్న గొయ్యి తీసి నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ ఇంకకపోతే అడుగున కలీచీ అనే సున్నపు గట్టిపొర ఉండవచ్చు. దాన్ని పగలగొట్టండి, లేదా చోటు మార్చండి.